ఎడమరహిత కార్యాలయం

మా సంస్థలో ఉద్యోగులకి రెండేసి చేతులున్నాయన్న సంగతి కిందటేడు దాకా ఎవరూ పట్టించుకోలేదు. జీతం మనిషికిచ్చేవాళ్ళు, చేతికి కాదు. ఏ చెయ్యి పనిచేస్తోంది, ఏ చెయ్యి ఊరికే వేలాడుతోంది అని అడిగిన ఆడిటూ లేదు. ఆ నిర్లక్ష్యం ఎంత ప్రమాదమో తెలియడానికి ఒక కుండ పగలాల్సి వచ్చింది.

మాది ప్రాచీన వస్తు పరిరక్షణ సంస్థ. తవ్వకాల్లో దొరికిన కుండలు, పూసలు, బొమ్మలు మా దగ్గరికొస్తాయి. మేం వాటికి నంబర్లు వేసి బీరువాల్లో పెడతాం. భూమిలో ఉన్నప్పుడు వాటికెంత భద్రత ఉండేదో మా బీరువాల్లోనూ అంతే ఉంటుంది, ఎందుకంటే ఇక్కడా వాటిని ఎవరూ చూడరు. నేను ఆ సంస్థలో సూపరింటెండెంటుని. ముక్కామల విశ్వపతి నా పేరు. ఆర్డర్లు రాయడం నా పని. నేను రాసిన ఆర్డరుని ఇంతవరకు ఏ కోర్టూ కొట్టెయ్యలేదు. ఏ కోర్టుకీ అది అర్థం కాకపోవడమే కారణమని గిట్టనివాళ్ళు అంటారు.

కుండ సంగతి చెబుతాను. గుమ్మళ్ళదిబ్బ తవ్వకాల్లో రెండు వేల ఏళ్ళనాటి నీళ్ళకుండ ఒకటి చెక్కుచెదరకుండా బయటపడింది. మెడ చుట్టూ బాతుల వరస. అన్ని బాతులూ ముందుకి చూస్తూ నడుస్తుంటాయి, ఒక్కటి మాత్రం మెడ తిప్పి వెనక్కి చూస్తుంటుంది. పేపర్లో ఫోటో కోసం మా డైరెక్టరు పరాంకుశం గారు ఆ కుండని స్వహస్తాలతో పట్టుకోవాలని నిర్ణయమైంది. పరిరక్షణ విభాగంలో కొత్తగా చేరిన పులిపాక దయామణి దాన్ని బల్ల మీంచి ఎత్తి ఆయనకి అందించింది. ఆయన అందుకున్నారు. కెమెరా వైపు తిరిగి నవ్వారు. కుండ కిందపడింది. నవ్వుకీ పడడానికీ సంబంధం ఉన్నట్టు విచారణ కమిటీకి ఎక్కడా ఆధారం దొరకలేదు. కమిటీకి అధ్యక్షులు పరాంకుశం గారే.

కమిటీ చాలాసార్లు కూర్చుంది, చాలా జీడిపప్పు తింది, కుండ పడిందన్న విషయంలో చివరికి ఏకాభిప్రాయానికి వచ్చింది. ఎందుకు పడిందన్నది మాత్రం తేలలేదు. కారణం లేని ఫైలు మూతపడదు. మూతపడని ఫైలు పై ఆఫీసుకి పోతుంది, పోతూ పోతూ ఎవరో ఒకర్ని వెంటేసుకుని మరీ పోతుంది. ఆ బెంగతో పరాంకుశం గారికి ఇంట్లో నిద్ర పట్టడం మానేసింది. పాపం, ఆఫీసులోనే పడుకునేవారు.

సరిగ్గా ఆ సమయంలో మాకు శిక్షణ వచ్చింది. ఏడాదికోసారి సిబ్బందికి శిక్షణ ఇప్పించాలని పై ఆఫీసు ఆదేశం. ఏ విషయంలో అన్నది ఆదేశంలో లేదు. కాబట్టి ఎవరు దొరికితే ఆయనకి తెలిసిన విషయంలో శిక్షణ పొందుతాం. ఆ ముందటేడు తేనెటీగల పెంపకం నేర్చుకున్నాం. ఈసారి నైపుణ్య సలహాదారు డాక్టర్ జయవిభు గారు దొరికారు. నీలం కోటు, చేతిలో ఎర్ర లైటు వేసే పుల్ల, గొంతులో తేనె.

"మిత్రులారా," అని మొదలెట్టారాయన. "మొరటుగా, తడబడుతూ, అన్నీ పాడుచేస్తూ తిరిగేవాణ్ణి ఇంగ్లీషులో గోష్ అంటారు. ఈ పదం ఇంగ్లీషు వాళ్ళు ఫ్రెంచి వాళ్ళ దగ్గర తెచ్చుకున్నారు. ఫ్రెంచిలో గోష్ అంటే అసలు అర్థం ఏమిటి?"

ఎవరూ పలకలేదు. తేనెటీగల ఏడాది కూడా మేం పలకలేదు.

"ఎడమ!" అని ఆయన ఎడమ చెయ్యి ఎత్తి చూపించి, తన చేతిలో తేలు కనబడ్డట్టు గబుక్కున దించేసుకున్నారు. "ఎడమ చెయ్యి! మరి నేర్పుని ఏమంటారు? డెక్స్‌టెరిటీ. అది లాటిన్. లాటిన్‌లో డెక్స్‌టర్ అంటే కుడి. మన దక్షతా, దక్షిణ హస్తం సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్రెంచి వాడూ, రోము వాడూ, మన ఋషీ ఒకచోట కూర్చుని కూడబలుక్కున్నారా? లేదు. అనుభవం మిత్రులారా, వేల ఏళ్ళ అనుభవం. భాష అంటే ఏమిటనుకున్నారు? మానవజాతి తన మీద తాను రాసుకున్న ఇన్‌స్పెక్షన్ రిపోర్టు."

పరాంకుశం గారు నిద్ర లేచారు. ఆయన శిక్షణలో నిద్ర లేవడం నా సర్వీసులో అదే మొదలు.

"అంటే, ఏదైనా వస్తువు జారి పడితే దానికి ఎడమ చెయ్యి కారణమంటారు."

"నేనంటం కాదు సార్. నిఘంటువంటోంది."

ఆ రోజు తీసిన ఫోటోని తెర మీద వేశారు. దయామణి కుండని అందిస్తున్న ఫోటో. ఆ అమ్మాయి ఎడమ చెయ్యి కుండ అడుగున ఉంది, కుడి చెయ్యి ఊరికే ఆనించినట్టుంది. హాల్లో ఒక్కసారి గుసగుసలు లేచాయి.

"నువ్వు ఎడంచేతి వాటమా అమ్మా?" అనడిగారు డైరెక్టరు గారు.

"అవునండి."

"మరి ఉద్యోగంలో చేరేటప్పుడు చెప్పలేదే?"

"ఎవరూ అడగలా సార్." దయామణి తెర మీది ఫోటో చూపించింది. "అయినా కుండ నా చేతుల్లోంచి పడలేదు కదండీ. మీ కుడిచేతిలోంచి కదా సార్ జారింది."

హాలు చల్లబడిపోయింది. నేను ఫ్యాను వంక చూశాను. జయవిభు గారు మాత్రం చలించలేదు. "సంక్రమణ," అన్నారు. "ఎడమ నుంచి కుడికి పాకిన గోష్ గుణం. అది రెండో మాడ్యూల్‌లో వస్తుంది."

విచారణ ఫైల్లో కారణం అన్న చోట 'ఎడమ' అని రాసి మూసేశాం. ఆ రాత్రి పరాంకుశం గారు ఇంట్లో నిద్రపోయారని వాళ్ళావిడ ఫోన్ చేసి మరీ చెప్పారు.

మర్నాడే ఆర్డరు వెళ్ళింది. 'విషయం: కార్యాలయ విధుల నుండి ఎడమ చేతిని తప్పించుట - గురించి.' నేను రాసినవాటిలో అంత చక్కటి ఆర్డరు ఇంకొకటి లేదని ఇప్పటికీ అంటాను. ఆఫీసు వేళల్లో ఎడమ చేయి ఏ ప్రభుత్వ వస్తువునూ తాకరాదు, తాకినట్టు కనబడరాదు, తాకు ఉద్దేశముతో కదలరాదు. ప్రతి ఉద్యోగికీ ఒక ఖద్దరు సంచి ఇచ్చాం. పొద్దున రాగానే ఎడమ చెయ్యి అందులో పెట్టి, మణికట్టు దగ్గర తాడు బిగించి, లక్కతో సీలు వేయించుకోవాలి. సాయంత్రం సీలు విప్పుతాం.

ఫలితాలు వెంటనే కనబడ్డాయి. అందరి గడియారాలూ ఎడమ చేతికే ఉండడంతో అవి సంచుల్లో పడ్డాయి. టైము తెలియక జనం ఐదింటి దాకా సీట్లలోనే ఉండిపోయారు. దీన్ని మొదటి విజయంగా పై ఆఫీసుకి రాశాం. టైపు ఒంటి చేత్తో నడవడం వల్ల ఉత్తరాలు తగ్గాయి, ఉత్తరాలు తగ్గడం వల్ల జవాబులూ తగ్గాయి, పెండింగు లేదు. ఇది రెండో విజయం.

జీపు దగ్గర కొంచెం చిక్కొచ్చింది. గేరు డ్రైవరు ఎడమ పక్కనుంటుంది. డ్రైవరు మస్తాన్ వచ్చి, "సార్, కుడిచేత్తో గేరు మార్చాలంటే స్టీరింగు ఎవురు పట్టుకోవాల? డైరెక్టరు గారా?" అనడిగాడు. డైరెక్టరు గారిని అడిగాను. ఆయన స్టీరింగు పట్టుకోవడం హోదాకి తగదని, గేరే మార్చవద్దని సెలవిచ్చారు. అప్పట్నుంచి మా జీపు మొదటి గేరులోనే ఊళ్ళో తిరిగింది. వెనక సైకిళ్ళ వాళ్ళు బెల్లు కొడుతూ దాటిపోయేవాళ్ళు. జనం మాత్రం ఎవరో పెద్దాయన ఊరేగింపు అనుకుని పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టేవాళ్ళు. పరాంకుశం గారికి ఈ పద్ధతి నచ్చింది.

దణ్ణం అంటే గుర్తొచ్చింది, అసలు గొడవంతా నమస్కారం దగ్గరే వచ్చింది. పై అధికారికి ఒంటి చేత్తో నమస్కారం పెడితే అవిధేయత. రెండు చేతులతో పెడితే ఆర్డరు ఉల్లంఘన. ఏం చెయ్యాలో తెలియక సిబ్బంది డైరెక్టరు గారు కనబడితే గోడల చాటుకి తప్పుకోవడం మొదలెట్టారు. పై ఆఫీసుని వివరణ అడిగాం. నెలలోనే జవాబొచ్చింది: 'నమస్కారమునందు ఎడమ చేయి పాల్గొనవచ్చును గాని చొరవ తీసుకొనరాదు.' దాని ప్రకారం కుడి చెయ్యి ముందు వచ్చి నిలబడేది, సంచి చెయ్యి కొత్త కోడల్లా వెనకాల వచ్చి దానికి ఆనుకునేది.

చప్పట్లకి కూడా దారి కనిపెట్టాం. ఒక చేత్తో చప్పట్లు మోగవని సామెత ఎలాగూ ఉంది. డైరెక్టరు గారి ప్రసంగం అయ్యాక పక్కపక్కనున్న ఇద్దరు తమ కుడిచేతులు ఒకదానికొకటి కొట్టుకోవాలని సర్క్యులర్ ఇచ్చాను. బేసి సంఖ్యలో జనం వస్తే చివరివాడు బల్ల కొట్టాలి.

ఇవన్నీ సజావుగా నడుస్తుంటే ఒక్క పరిరక్షణ విభాగంలో మాత్రం పని ముందుకి పోలేదు. కుండ పెంకులు దయామణి బల్ల మీదే ఉన్నాయి. వాటిని తిరిగి అతికించే బాధ్యత ఆ అమ్మాయిదే, ఆ చదువు చదివొచ్చింది తనొక్కతే. రెండేళ్ళ ప్రొబేషన్ ఆ వేసవితో అయిపోతుంది. డైరెక్టరు గారు సంతకం పెడితే ఉద్యోగం ఖాయం, లేకపోతే సంచీ తాడూ ఇచ్చేసి ఇంటికెళ్ళాలి. వాళ్ళమ్మ బాపట్ల అవతల జీడితోటల్లో కూలికెళ్ళి చదివించిందట. జీడి గింజలు వలిచి వలిచి ఆ సొనకి ఆవిడ వేళ్ళ చివర్లు కాలిపోయాయట. ఉద్యోగం ఖాయమైన రోజునే అమ్మని ఆ పని మాన్పిస్తానని దయామణి చేరిన కొత్తలో నాతో చెప్పింది.

డైరెక్టరు గారి షరతు స్పష్టంగా ఉంది. కుండ అతకాలి. కుడిచేత్తో అతకాలి. అప్పుడే సంతకం.

ఒకరోజు ఆ గదికి వెళ్ళాను. దయామణి ఎడమ చెయ్యి సంచిలో ఒళ్ళో పడుంది. కుడిచేత్తో ఒక పెంకు పట్టుకుని దాని జోడీకి ఆనిస్తోంది. పెంకు పక్కకి జరిగింది, జిగురు బాతు ముఖం మీద పడింది. దూదితో తుడిచి మళ్ళీ మొదలెట్టింది. మళ్ళీ అంతే.

"అలవాటు కావాలమ్మా," అన్నాను. "నెమ్మది మీద వస్తుంది."

"చిన్నప్పుడు బళ్ళో మా టీచరమ్మ ఎడంచేతి వేళ్ళ మీద స్కేలు పెట్టి కొట్టి కొట్టి, కుడిచేత్తో రాయటం నేర్పించిందండి," అంది, పెంకు మీంచి చూపు తిప్పకుండానే. "అన్నం కుడిచేత్తో తినటం మా అమ్మ నేర్పింది. రెండూ నేర్చుకున్నా. ఈ అతికించే పని మాత్రం ఎవురూ కొట్టి నేర్పలా సార్. దానంతట అది ఈ చేతికే వచ్చింది. ఇప్పుడు దీన్ని సంచిలో పెట్టమంటే నేనేం చెయ్యాల?"

నాకు బాధ కలిగింది. దాచుకోవడమెందుకు, చాలా బాధ కలిగింది. కానీ బాధ మీద నోటు పెట్టడానికి మా ఫైళ్ళలో ఖాళీ ఉండదు. "కృషి చెయ్యమ్మా," అని వచ్చేశాను.

ఈలోగా మా కీర్తి రాజధాని దాకా పోయింది. రాష్ట్రంలో తొలి ఎడమరహిత కార్యాలయంగా మాకు ప్రశంసా పత్రం ఇవ్వడానికి శాఖ కార్యదర్శి అనసూయ గారు స్వయంగా వస్తున్నారని కబురొచ్చింది. ఆవిడకి సంప్రదాయ భోజనమంటే ఇష్టమని తెలిసి అరిటాకుల్లో వడ్డన ఏర్పాటు చేశాం. వంట భద్రాచలానిది. మా ఊళ్ళో పెళ్ళైనా, తద్దినమైనా, మంత్రి పర్యటనైనా గరిటె అతని చేతిలోనే ఉంటుంది. వడ్డించేవాళ్ళకీ ఆర్డరు వర్తిస్తుందని చెబితే నా వంక ఎగాదిగా చూశాడు. "గిన్నె పట్టుకోడానికొకడూ, గరిటె తిప్పడానికొకడూనా? సర్లెండి. కూలి మాత్రం ఇద్దరిదీ ఇవ్వాల," అన్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. కార్యదర్శి గారికి ఖద్దరు బాగుండదని జరీ అంచు పట్టు సంచి తొడిగాం. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "చీరకి కలిసింది," అన్నారు. ప్రసంగాలయ్యాయి. ఇద్దరిద్దరుగా చప్పట్లు కొట్టుకున్నాం. తర్వాత అందరం బంతిగా కూర్చున్నాం. కార్యదర్శి గారు ఒక చివర, ఎదురు వరసలో పరాంకుశం గారు, ఆయన పక్కన జయవిభు గారు, తర్వాత నేను. మా వరస చివర దయామణి.

ముద్దపప్పు, గోంగూర, వంకాయ కారం పెట్టిన కూర, నెయ్యి. రెండు ముద్దలు తిన్నాక కార్యదర్శి గారు ఆగి తన చేతి వంక చూసుకున్నారు. తర్వాత మంచినీళ్ళ గ్లాసు వంక చూశారు.

"నీళ్ళెలా తాగాలి?" అనడిగారు.

కుడి చెయ్యి పప్పులో ఉంది, ఎంగిలి. ఎడమ చెయ్యి సంచిలో ఉంది, నిషిద్ధం. మేమంతా పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి రోజూ తింటున్నవాళ్ళం. విస్తరి ముందు కూర్చున్నాక గ్లాసెత్తేదీ, అప్పడం అందించేదీ, ఇంకొకరికి నెయ్యి వేసేదీ ఎడమ చెయ్యేనని మాకు ఉగ్గుపాలతోనే తెలుసు. ఆర్డరు రాసిన నాకు తట్టలేదు, సంతకం పెట్టినవాళ్ళకి తట్టలేదు, ఫ్రెంచి వచ్చినవాళ్ళకీ తట్టలేదు.

"రెండో మాడ్యూల్‌లో..." అని జయవిభు గారు మొదలెట్టారు.

"అమ్మా, అసలు నీళ్ళు తాగకుండా భోంచెయ్యడమే ఆరోగ్యమని పెద్దలు..." అని పరాంకుశం గారు గోంగూర ముద్ద నోట్లో ఉండగానే అందుకున్నారు. గోంగూరలో వేయించిన ఎండుమిరపకాయ ఉంది. మాట మధ్యలో ఆయనకి పొలమారింది.

మామూలు పొలమారడం కాదు. దగ్గు పైకి రాదు, ఊపిరి లోపలికి పోదు. ముఖం ఎర్రబడింది, తర్వాత ఎరుపు దాటిపోయింది. కళ్ళు బయటికొచ్చాయి. సంచి చెయ్యి గాల్లో కొట్టుకుంటోంది. వడ్డించేవాళ్ళు జంటలు జంటలుగా సాంబారు బకెట్ల కోసం వంటింట్లోకి పోయారు. నేను ఆర్డరులోని మినహాయింపుల పేరా గుర్తు చేసుకోసాగాను. నమస్కారం ఉంది. చప్పట్లు ఉన్నాయి. పొలమారడం లేదు. నేను రాసిన ఆర్డరు మీద నాకే పట్టరాని కోపమొచ్చింది.

జయవిభు గారు తెగించి కుడిచేత్తోనే గ్లాసు అందుకున్నారు. ఆ చెయ్యి నిండా నెయ్యీ గోంగూరా ఉన్నాయి. గ్లాసు పైకి లేచింది, ఆయన వేళ్ళలోంచి జారింది, కార్యదర్శి గారి విస్తట్లోకి దొర్లుకుంటూ పోయింది.

అప్పటికే వరస చివర్నుంచి దయామణి లేచింది. లక్క సీలుని పళ్ళతో కొరికింది, తాడు లాగేసింది, సంచి నా పప్పులో పడింది. ఒక్క అంగలో ఆయన వెనక్కొచ్చి నడినెత్తి మీద ఎడంచేత్తో నాలుగు చరిచింది. వీపు మీద ఒక్కటి గట్టిగా వేసింది. మిరపకాయ బయటికొచ్చింది. వెంటనే ఇంకో గ్లాసెత్తి ఆయన నోట్లో సన్నటి ధారగా నీళ్ళు పోసింది. ఒక్క చుక్క లాల్చీ మీద పడలేదు.

"ఎవురో తలుచుకుంటున్నారు సార్," అంది నెత్తి మీద నెమ్మదిగా తడుతూ. తర్వాత మా అందరి వంకా చూసింది. "మేమే అయ్యుంటాం."

పరాంకుశం గారు బతికారు. బతకగానే ఆయన కళ్ళు తుడుచుకుని చూసింది కార్యదర్శి గారి వంక. కార్యదర్శి గారు చూసింది నేల మీద చిట్లి పడున్న లక్క వంక.

"ప్రాణం నిలబెట్టడం మంచిదే," అన్నారావిడ. "కానీ ఏ చేత్తో నిలబెట్టారన్నది రికార్డు మీదికి రావాలి కదా. ఎడమరహిత కార్యాలయంలో డైరెక్టరుని ఎడమ చెయ్యి బతికించిందంటే నేనిప్పుడు ఈ ప్రశంసా పత్రం ఏం చేసుకోను?"

మజ్జిగ వడ్డించేలోగా అక్కడికక్కడే కమిటీ వేశారు. జయవిభు గారు చెయ్యి కడుక్కుని వచ్చి సమస్యని క్షణంలో విడదీశారు. "ఎడమ అంటే చేతకానిది. ఇది నిఘంటువు నిర్ణయం, మార్చలేం. ఈ అమ్మాయి చేతికి చేతనైంది. మనందరం చూశాం. కాబట్టి అది ఎడమ చెయ్యి కాదు."

"మరేమిటి?" అనడిగారు కార్యదర్శి గారు.

"కుడి చెయ్యే. కాకపోతే అటు పక్కనుంది."

ఆ వాదంలో ఎంత వెతికినా నాకు లోపం కనబడలేదు. విస్తరి పక్కనే కూర్చుని ముసాయిదా రాశాను. దయామణి శరీరమునకు ఎడమ వైపున గల చేయి ఇకపై 'అదనపు కుడి చేయి'గా పరిగణింపబడును. మా శాఖలో డైరెక్టరున్నారు, అదనపు డైరెక్టరున్నారు. పనంతా అదనపు ఆయనే చేస్తారు. కాబట్టి హోదా అందరికీ సులువుగా అర్థమైంది.

అర్థమవడమే తరువాయి, ఆ సాయంత్రానికే అందరూ తమ ఎడమ చేతులకి అదే హోదా ఇమ్మని దరఖాస్తు పెట్టుకున్నారు. మొట్టమొదటి దరఖాస్తు డైరెక్టరు గారిది, రెండోది మస్తాన్‌ది. వారంలోగా అందరి చేతులకీ పదోన్నతి వచ్చింది. సంచులు బీరువాల్లోకి పోయాయి, నంబర్లు కూడా వేశాం. జీపు రెండో గేరు చూసింది. ఆఫీసంతా వెతికినా ఒక్క ఎడమ చెయ్యి కూడా మిగల్లేదు కాబట్టి కార్యదర్శి గారు నిండు మనసుతో ప్రశంసా పత్రం పంపించారు. బిల్లు కోసం వచ్చిన భద్రాచలం గోడ మీద దాన్ని చదివించుకుని విని, "ఎడమ చెయ్యి తీసి పుర్ర చెయ్యి పెట్టినట్టుందయ్యా మీ యవ్వారం," అనేసి పోయాడు. పుర్ర చెయ్యి అన్నా ఎడమ చెయ్యే.

దయామణి ఆ నెలలోనే కుండ పూర్తి చేసింది. వెళ్ళి చూశాను. అతుకు ఎక్కడో వేలితో తడిమితే గాని తెలియదు. బాతులు మళ్ళీ వరసలో నడుస్తున్నాయి, వెనక్కి చూసే బాతు వెనక్కే చూస్తోంది. ఇక సంతకం ఒక్కటే తరువాయి అనుకుని ఆ అమ్మాయి ఉద్యోగం ఖాయం చేసే ఫైలు పైకి పంపాను.

ఫైలు తిరిగొచ్చింది. లెక్కల విభాగం అభ్యంతరం: 'సదరు పోస్టు ఒక కుడి, ఒక ఎడమ చేయి గల వ్యక్తికి మంజూరైనది. అభ్యర్థికి మంజూరైన దానికంటే ఒక కుడి చేయి ఎక్కువగా ఉన్నట్లు రికార్డులో కనబడుచున్నది.' మిగతా మా అందరికీ రెండు కుడి చేతులే. కానీ మా ఉద్యోగాలు ఎప్పుడో ఖాయమైపోయాయి, మమ్మల్ని ఎవరూ అడగరు. డైరెక్టరు గారి దగ్గరికి పట్టుకెళ్ళాను. "చూద్దాంలే విశ్వపతీ, తొందరేముంది," అని ఫైలు పక్కన పెట్టారు. ఏ నెత్తి మీద ఆ అమ్మాయి చెయ్యి తట్టిందో ఆ నెత్తి దువ్వుకుంటూ అన్నారు. గడువు వారంలో ముగుస్తుంది. అభ్యంతరం కింద 'చదివితిని' అని రాయాల్సిన చోట ఏమీ రాయకుండా ఫైలు చంకలో పెట్టుకుని వచ్చేశాను.

కుండని ప్రదర్శనలో పెట్టే రోజున కార్యదర్శి గారు మళ్ళీ వచ్చారు. పేపరు వాళ్ళూ వచ్చారు. ఫోటో కావాలి. పాత పద్ధతే: దయామణి అందించాలి, డైరెక్టరు గారు అందుకోవాలి. దయామణి బల్ల మీంచి కుండని ఎత్తింది, ఎడమ చెయ్యి అడుగున, కుడి చెయ్యి పక్కన. పరాంకుశం గారు చేతులు చాచి కుండ మీద వేశారు. ఫోటోగ్రాఫరు "ఇటు సార్, ఇటు," అన్నాడు. ఆయన కెమెరా వైపు తిరిగి నవ్వారు.

దయామణి వదల్లేదు.

"వదులమ్మా," అన్నారాయన నవ్వు చెరక్కుండా, పెదాల మధ్య నుంచి.

"కుండ వంక చూడండి సార్."

"ఫోటో తీస్తున్నారు. వదులు."

"మీరు ముందు కుండ వంక చూడండి సార్. చూశాక వదుల్తా."

ఆయన లాగారు. ఆ అమ్మాయి చెయ్యి అడుగున రాయిలా ఉంది. ఇంకొంచెం లాగితే ఏమవుతుందో అందరికీ తెలుసు. ఈసారి కమిటీ వేసే కార్యదర్శి గారు ఎదురుగానే నిలబడున్నారు. ఏమనిపించిందో, నేను ముందుకి నడిచాను. కుడిచేత్తో కలం మూత తీసి పట్టుకుని, ఎడంచేత్తో, అవును, ఎడంచేత్తోనే, చంకలోని ఫైలు తీసి, తెరిచి ఆయన ముందు పెట్టాను.

"కుండతో పాటు ఇది కూడా చూడండి సార్," అన్నాను.

పరాంకుశం గారు ఫైలు వంక చూశారు, కార్యదర్శి గారి వంక చూశారు. ఆవిడ గడియారం చూసుకున్నారు. ఆయన ఒక చెయ్యి కుండ మీదే ఉంచి, రెండో చేత్తో సంతకం పెట్టారు. తర్వాత రెండు చేతులూ కుండకి వేసి, దాని వంకే చూస్తూ ఉండిపోయారు, రెప్ప వెయ్యకుండా, పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు. అప్పుడు దయామణి నెమ్మదిగా తన చేతులు తీసింది. కెమెరా మెరిసింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. అందరం కెమెరా వైపు చూస్తున్నాం, డైరెక్టరు గారూ ఒక బాతూ తప్ప.

వారం తిరగకుండా పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అదే కుండ, అదే అధికారి, అదే ఫోటో సందర్భం. కిందటిసారి పడింది, ఈసారి పడలేదు. ఎందుకు పడలేదో కమిటీ వేసి తేల్చి, కారణాన్ని సాక్షుల వాంగ్మూలాలతో సహా పంపవలెను. కమిటీకి అధ్యక్షులు పరాంకుశం గారే.

దయామణి వాంగ్మూలం నేనే తీసుకున్నాను. సెలవు పెట్టి అమ్మని తీసుకురావడానికి బాపట్ల బస్సెక్కబోతోంది. కాగితం ముందు పెడితే కలం కుడిచేత్తోనే అందుకుంది. అలవాటు కొద్దీ రాయబోయి, ఆగింది. కలాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. రాయడానికి చాలాసేపు పట్టింది. ఒకే ఒక్క ముక్క.

'నేను వదల్లేదండి.'

అక్షరాలు ఒకటో తరగతి పిల్లవి. వరస పైకి ఎక్కిపోయింది, సున్నా సగంలోనే ఆగింది. శుభ్రంగా ఇంకో కాగితం మీద రాయించమని కమిటీ అంది. నేను రాయించలేదు. కారణం అన్న చోట ఆ కాగితాన్నే అతికించి ఫైలు మూసేశాను.